లక్ష్మి వత్తు చెదరకుండా...

వెబ్‌పేజీలు రాయడం వచ్చిన కుర్రాడు... పాతికేళ్లుగా పెండ్లి పత్రికలు అచ్చువేస్తున్న చిన్నాయన... ఇరవై ఏళ్లుగా ఒకే కీబోర్డు వరుసకు వేళ్లు అలవాటుపడ్డ అక్క... హన్మకొండలోని ఓ చిన్న దుకాణంలో ఈ ముగ్గురి మధ్య ఓ అప్లికేషన్‌ కుదురుకున్న కథ ఇది.

పెండ్లి పత్రికలో చాలా లోపాలు క్షమిస్తారు. కాగితం కాస్త పలచనైనా సరే. బంగారు రంగు కొంచెం వెలిసినట్టున్నా సరే. పేరు తప్పుపడితే మాత్రం ఊరుకోరు. 'లక్ష్మి'లో 'మ' వత్తు ఎగిరిపోయినా, ముహూర్తం దగ్గర 'రాత్రి' బదులు 'ఉదయం' పడినా అచ్చయిన ఐదువందల కార్డులూ చిత్తుకాగితాల బస్తాలోకి పోవాల్సిందే. ఆ నష్టం దుకాణానిదే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. 'ఫలానా దుకాణంలో పేరు తప్పేసిండ్రు' అన్న మాట ఊళ్లో పాకితే వచ్చే పెండ్లిళ్ల సీజను మొత్తం గల్లంతే!

వరంగల్‌ త్రినగరిలో ఇలాంటి దుకాణాలకు కొదవలేదు. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల గల్లీల్లో గోడలకు తగిలించిన నమూనా కార్డులు చూస్తూ వెళ్తే చాలు. ఒకదానిమీద వినాయకుడు, మరోదానిమీద కాకతీయుల కీర్తితోరణం, ఇంకోదానిమీద భద్రకాళి అమ్మవారు. రంగురంగుల ఖాళీ కార్డులు శివకాశి లాంటి చోట్ల నుంచి కట్టలుగా వస్తాయి. వాటిమీద వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక అచ్చువేసేది ఇక్కడే. కంప్యూటర్లో మ్యాటరు కూర్చి, ట్రేసింగ్‌ కాగితం మీద లేజర్‌ ప్రింటు తీసి, దాంతో స్క్రీను తయారుచేసి, ఒక్కో కార్డునూ చేత్తో అచ్చువేస్తారు.

మన కుర్రాడి చిన్నాయనది అలాంటి దుకాణమే. కుర్రాడు అప్పటికి బీటెక్‌ మూడో సంవత్సరం. సెలవులొస్తే దుకాణంలోనే కాలక్షేపం. 2023 వేసవిలో, పత్రికలకు గిరాకీ ముమ్మరంగా ఉన్న రోజుల్లో, అతనికి ఒక సంగతి విడ్డూరంగా తోచింది. పెండ్లివారు మ్యాటరంతా వాట్సాప్‌లో చక్కటి తెలుగులో పంపిస్తున్నారు. అక్క దాన్ని ఫోన్లో చూస్తూ మళ్లీ మొదటి నుంచీ కంప్యూటర్లో కొడుతోంది. ఉన్నదాన్ని అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చి అతికిస్తే పోయేదానికి ఈ కొట్టడమెందుకు?

ఎదురుగా ఉన్నా ఎత్తుకోలేరు

అతికిస్తే పోదు. అదే చిక్కు. దుకాణంలో ఉన్నది పేజ్‌మేకర్‌. దాని ఆఖరి వెర్షన్‌ 7 వచ్చింది 2001లో. యూనికోడ్‌ అంటే దానికి తెలియదు. దానికోసం తెలుగు డీటీపీ దుకాణాలన్నీ దశాబ్దాలుగా అను లాంటి ఫాంట్లనే నమ్ముకున్నాయి. ఈ పాత ఫాంట్ల కిటుకు ఏమిటంటే... కంప్యూటర్‌ దృష్టిలో అక్కడుండేవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే. ఆ గళ్లలో ఇంగ్లిషు బొమ్మలు తీసేసి తలకట్లు, కొమ్ములు, వత్తులు కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు. తీసేస్తే అర్థంపర్థంలేని ఇంగ్లిషు గీతలు.

ఫోన్లో వచ్చే తెలుగు అలా కాదు. అది యూనికోడ్‌. 1991లో వచ్చిన తొలి యూనికోడ్‌ ప్రమాణంలోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. 'క'కు ఒక సంఖ్య, 'మ'కు ఒక సంఖ్య. ప్రపంచంలో ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా వాటిని అలాగే చదువుతుంది. ఈ రెండు లోకాల మధ్య వారధి లేక అక్క అదే మ్యాటరును మళ్లీ మళ్లీ కొట్టాల్సి వచ్చేది. కొట్టిన ప్రతిసారీ తప్పుకు ఓ అవకాశం.

కుర్రాడికి వచ్చిన విద్య ఒక్కటే... వెబ్‌పేజీలు రాయడం. పేజీకి ఎముకలు పేర్చే హెచ్‌టీఎంఎల్‌, దానికి చీరా నగలూ తొడిగే సీఎస్‌ఎస్‌, ప్రాణం పోసే జావాస్క్రిప్ట్‌. ఆలోచిస్తే పెండ్లి పత్రిక కూడా ఒక పేజీయే కదా! పైన ఇష్టదైవం, మధ్యలో పేర్లు, కింద ఆహ్వానించేవారు. సీఎస్‌ఎస్‌లో కొలతలు మిల్లీమీటర్లలో కూడా ఇవ్వొచ్చు. కార్డు ఎంత ఉంటే పేజీ అంత. యూనికోడ్‌ తెలుగు ఎలాగూ వెబ్‌పేజీకి సొంత ఇల్లే.

అయితే వెబ్‌సైటు పెడితే సరిపోతుందిగా అనిపించొచ్చు. అతనూ మొదట అదే అన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. ''నెట్‌ పోయినప్పుడల్లా గిరాకీని కూసోబెట్టుడా? పెండ్లోళ్ల ఫోన్‌ నంబర్లు, ఇంటి అడ్రసులు ఎక్కడో తీసుకపోయి పెడ్తవా? మన మ్యాటరు మన డబ్బాలనే ఉండాలె. బొమ్మ నొక్కితె తెరుసుకోవాలె. గంతె!'' అన్నాడు. కంప్యూటర్‌ పుస్తకాలేవీ చదవని ఆ పెద్దమనిషి అడిగింది ఏమిటో తెలుసా? వెబ్‌ విద్యతో కట్టిన డెస్క్‌టాప్‌ అప్లికేషన్‌!

బ్రౌజరును పొట్టన పెట్టుకుని...

ఈ ఆలోచన కొత్తదేం కాదు. వెబ్‌పేజీని మామూలు ప్రోగ్రాములా నడిపించే ఏర్పాటును మైక్రోసాఫ్ట్‌ 1999లోనే ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌ 5తోపాటు తెచ్చింది. కానీ ఇది ఊపందుకోవడానికి మరికొన్ని సరుకులు సమకూడాలి. 2008లో గూగుల్‌ క్రోమ్‌ వచ్చింది. అందులోని వీ8 అనే ఇంజిను జావాస్క్రిప్ట్‌ను పరుగులు పెట్టించింది. మరుసటి ఏడాది ర్యాన్‌ డాల్‌ అనే యువకుడు ఆ ఇంజినును బ్రౌజర్‌ నుంచి బయటికి తెచ్చి నోడ్‌ జేఎస్‌ తయారుచేశాడు. బ్రౌజర్లో మామూలుగా పేజీ గడప దాటలేని జావాస్క్రిప్ట్‌కు కంప్యూటర్లోని ఫైళ్లు తెరవడం, రాయడం చేతనైంది.

ఈ రెంటినీ ఒకే పెట్టెలో పెడితే? ఇంటెల్‌లో రోజర్‌ వాంగ్‌ 'నోడ్‌ వెబ్‌కిట్‌' పేరుతో ఆ పని మొదలుపెట్టాడు. అక్కడ దానిమీద పనిచేసిన చెంగ్‌ జావ్‌ 2013లో గిట్‌హబ్‌కు వెళ్లి 'యాటమ్‌' అనే ఎడిటర్‌ కోసం కొత్త చట్రాన్ని కట్టాడు. మొదట్లో దాని పేరు 'యాటమ్‌ షెల్‌'. 2014లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. 2015లో 'ఎలక్ట్రాన్‌' అయింది. చిత్రం చూడండి... ఎవరికోసమైతే పుట్టిందో ఆ యాటమ్‌ 2022 డిసెంబరులో మూతపడింది. చట్రం మాత్రం చెట్టులా విస్తరించింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే విజువల్‌ స్టూడియో కోడ్‌, ఆఫీసు ముచ్చట్ల స్లాక్‌, ఆటగాళ్ల డిస్కార్డ్‌ అన్నీ ఎలక్ట్రాన్‌ మీద నిలబడ్డవే. ఆ గిట్‌హబ్‌ను 2018లో 750 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్‌ కొనేసింది. కొన్నది మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల హయాంలోనే.

ఎలక్ట్రాన్‌ చేసే పని చెప్పాలంటే సులువే. మీరు రాసిన పేజీలతోపాటు క్రోమియం అనే బ్రౌజరునూ, నోడ్‌నూ కలిపి ఒకే మూట కడుతుంది. చూసేవాళ్లకు అదొక మామూలు అప్లికేషన్‌. లోపల మాత్రం అడ్రసు గీత, ట్యాబులు లేని బ్రౌజరు. అందుకే బరువెక్కువ. 'నమస్కారం' అన్న ఒక్క మాట చూపించే అప్లికేషనైనా వంద ఎంబీ పైమాటే. పచ్చడి డబ్బా పంపడానికి లారీ మాట్లాడుకున్నట్టు. అయినా అందరూ ఆ లారీనే ఎందుకెక్కుతున్నారు? ఒకసారి రాస్తే విండోస్‌, మ్యాక్‌, లినక్స్‌ మూడింటిమీదా నడుస్తుంది. వెబ్‌పేజీ రాయడం వస్తే చాలు, మరో భాష నేర్చుకోనక్కర్లేదు.

ఒక సాయంత్రం పని

కుర్రాడు మొదట తన ల్యాప్‌టాప్‌లో నోడ్‌ దింపుకున్నాడు. దాంతోపాటే ఎన్‌పీఎం వస్తుంది. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు రాసిపెట్టిన సరుకులను ఇంటికి తెచ్చిచ్చే కిరాణా కొట్టు లాంటిది. ఓ ఖాళీ ఫోల్డరు తెరిచి 'ఎన్‌పీఎం ఇనిట్‌' అన్నాడు. పేరేమిటి, వెర్షన్‌ ఎంత అంటూ నాలుగు ప్రశ్నలడిగి 'ప్యాకేజ్‌ జేసన్‌' అనే ఫైలు రాసిపెట్టింది. అప్లికేషన్‌కు అది జాతకచక్రం. లోపలి పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే ఉండాలన్నది అక్కడి నియమం. బయటికి కనిపించే పేరు మన ఇష్టం. అతను 'శుభలేఖ' అని తెలుగులో పెట్టాడు. తర్వాత 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌ ఎలక్ట్రాన్‌' అన్నాడు. ఆ కమాండుతో చట్రం మొత్తం ఫోల్డర్లోకి దిగింది.

ఇక రాయాల్సింది మూడు ఫైళ్లు. వాటిని అర్థం చేసుకోవడానికి అతనికి చిన్నాయన దుకాణమే అక్కరకొచ్చింది. దుకాణంలో ముందు కౌంటరు. గిరాకీ వచ్చి నిలబడేది, కార్డులు తిరగేసేది అక్కడే. వెనక గదిలో ప్రింటరు, బీరువా, గల్లాపెట్టె. కొత్తవాళ్లను ఎవరినీ వెనక గదిలోకి రానివ్వరు. ఎలక్ట్రాన్‌లోనూ అంతే. తెరమీద కనిపించే పేజీ కౌంటరు. 'మెయిన్‌' అనే ఫైలు వెనక గది. కిటికీ తెరవడం, ఫైళ్లు దాచడం, ప్రింటరును పిలవడం దాని పని. ఈ రెంటి మధ్య గోడకు పెట్టిన చిన్న కంత లాంటిది 'ప్రీలోడ్‌' ఫైలు. 'ఈ పత్రిక దాచు', 'దీన్ని పీడీఎఫ్‌ చెయ్యి' లాంటి ముందే ఒప్పుకున్న చీటీలు మాత్రమే ఆ కంతలోంచి అటూఇటూ పోతాయి. పేజీలోకి ఏదైనా చెడ్డ కోడు చొరబడ్డా బీరువా దాకా పోకుండా కాపాడేది ఆ గోడే. తొందరపడి గోడను పడగొట్టేవాళ్లూ ఉంటారు. అతను ఆ జోలికి పోలేదు.

'ఎన్‌పీఎం స్టార్ట్‌' అనగానే తెరమీద కిటికీ తెరుచుకుంది. ఎడమవైపు గళ్లు... వరుడు, వధువు, ముహూర్తం, వేదిక. కుడివైపు పత్రిక. ఎడమ గడిలో అతికించిన పేరు వెంటనే కుడివైపు పత్రికలో కనిపిస్తోంది. ఒక బటను నొక్కితే పీడీఎఫ్‌. అంతా ఒక సాయంత్రంలో అయిపోయింది. ఆ రాత్రే ఎలక్ట్రాన్‌ బిల్డర్‌ అనే మరో సరుకుతో ఇన్‌స్టాలర్‌ తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. పని అయిపోయిందనుకుని పడుకున్నాడు. నిజానికి అసలు పని మర్నాడు మొదలైంది.

తెరుచుకోని తలుపు

దుకాణంలో కంప్యూటర్‌ది విండోస్‌ 7. జ్ఞాపకశక్తి రెండు జీబీ. కొత్తది కొనలేక కాదు, పాత పేజ్‌మేకరూ పాత ఫాంట్లూ దానిమీద పేచీ లేకుండా నడుస్తున్నాయి కాబట్టి! నడిచే బండిని ఎవరు కదిలిస్తారు? కుర్రాడు పెన్‌డ్రైవ్‌ పెట్టి, ఇన్‌స్టాల్‌ చేసి, బొమ్మ మీద రెండుసార్లు నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. ఊహూఁ!

''ఏందిరా... నీ ల్యాప్‌టాప్‌ల ఉరికింది, నా డబ్బాల నడుస్తలేదా?'' అన్నాడు చిన్నాయన.

కారణం వెతికితే తేలింది. విండోస్‌ 7కు మైక్రోసాఫ్ట్‌ 2020 జనవరి 14తోనే సాయం ఆపేసింది. 2023 మొదట్లో క్రోమ్‌ 109 తర్వాత గూగుల్‌ కూడా చెయ్యి వదిలేసింది. క్రోమియాన్ని పొట్టన పెట్టుకున్న ఎలక్ట్రాన్‌కూ అదే దారి. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 23వ వెర్షన్‌ నుంచి విండోస్‌ 7 మీద నడవదు. కుర్రాడు వాడింది అంతకన్నా కొత్తది. ఎక్కడో కాలిఫోర్నియాలో తీసుకున్న నిర్ణయం హన్మకొండ గల్లీలో తలుపు మూసేసింది.

22వ వెర్షన్‌కు వెనక్కి వెళ్తే నడుస్తుంది. కానీ దానికీ భద్రత మరమ్మతులు ఆ ఏడాది అక్టోబరు 10 వరకే అని ముందే ప్రకటించారు. అప్పటికి అతను వెనక్కే వెళ్లాడు. అప్లికేషన్‌ బయటి నుంచి ఏ పేజీనీ తెచ్చుకోకుండా, తన ఫోల్డర్లోని ఫైళ్లు మాత్రమే తెరిచేలా కట్టుదిట్టం చేశాడు. అది తాత్కాలిక వైద్యమేనని అతనికి తెలుసు. చిన్నాయనకూ అర్థమయ్యేలా చెప్పాడు. ఆ దసరా తర్వాత దుకాణంలోకి విండోస్‌ 10 ఉన్న సెకండ్‌ హ్యాండ్‌ కంప్యూటర్‌ ఒకటి వచ్చింది. పాతదాన్ని నెట్‌ తీగ పీకేసి, పాత ఫైళ్ల కోసం మూలన ఉంచారు.

బరువు సంగతీ అక్కడే తెలిసొచ్చింది. కుర్రాడి ల్యాప్‌టాప్‌లో పట్టని విషయం రెండు జీబీ డబ్బాలో కొట్టొచ్చినట్టు కనిపించింది. పేజ్‌మేకరూ వాట్సాప్‌ తెరిచిన బ్రౌజరూ నడుస్తుండగా 'శుభలేఖ' తెరిస్తే మౌసు కదలడానికే ఆలోచించేది. అందంకోసం పెట్టిన పెద్ద పెద్ద బొమ్మలు తీసేశాడు. నమూనాలన్నీ ఒకేసారి తెరవకుండా, అడిగినదొక్కటే తెచ్చేలా మార్చాడు. బ్రౌజరును వెంట మోసుకుపోకుండా కంప్యూటర్లో ఉన్నదాన్నే వాడుకునే 'టౌరీ' లాంటి చట్రాలూ ఉన్నాయి. 2022లో దాని తొలి పూర్తిస్థాయి వెర్షన్‌ వచ్చింది. వాటితో కడితే మూట కొన్ని ఎంబీల్లోనే ముగుస్తుంది. అయినా అతను ఎలక్ట్రాన్‌నే పట్టుకుని ఉన్నాడు. దానికి కారణం బరువు కాదు... వత్తు!

ఆరు సంకేతాలు... ఒక అక్షరం

'క్ష్మీ' అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు. క, దాని కింద పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, చివర ఈకారం. ఈ ఆరింటినీ చదివి ఏది పైన, ఏది కింద, ఏది పక్కన అని లెక్కకట్టి ఒకే బొమ్మగా కూర్చేది ఒక ప్రోగ్రాము. అది పాతబడితేనో, తడబడితేనో లక్ష్మి కాస్తా పొల్లులు తేలిన మూడు ముక్కలవుతుంది. ఇంగ్లిషుకు ఈ బాధ లేదు. ఏ అక్షరం పక్కన ఆ అక్షరం పేరిస్తే సరి.

ఇది ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా'ను ఓ ప్రత్యేక వరుసలో కూర్చిన ఒకే ఒక్క తెలుగు గుర్తు మెసేజీలో వస్తే చాలు, యాపిల్‌ ఫోన్లలో ఆ అప్లికేషన్‌ కుప్పకూలిపోయేది. ఆ కంపెనీ హడావుడిగా ఐఓఎస్‌ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీకే తెలుగు వత్తు చెమటలు పట్టించిందన్నమాట!

ఎలక్ట్రాన్‌ తన బ్రౌజరును తానే మోసుకొస్తుంది కాబట్టి అక్షరాలు కూర్చే ప్రోగ్రామూ మూటలోనే ఉంటుంది. ఫాంటును కూడా మూటలో పెట్టేస్తే... కుర్రాడి ల్యాప్‌టాప్‌లో లక్ష్మి ఎలా కనిపించిందో దుకాణంలోనూ అలాగే కనిపిస్తుంది. పీడీఎఫ్‌లోనూ అంతే. పచ్చడికి లారీ దండగ అన్నాం కానీ, దారంతా గతుకులైనప్పుడు డబ్బా పగలకుండా చేరాలంటే లారీయే నయం!

ఫాంట్ల విషయంలో అతని అదృష్టం ఏమిటంటే, ముందు తరంవాళ్లు దారి వేసి ఉంచారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ఏనాడో పోతన, వేమన అనే యూనికోడ్‌ ఫాంట్లు తయారుచేసి ఇచ్చారు. ఆ పోతన ఊరు బమ్మెర ఒకప్పటి వరంగల్‌ జిల్లాలోదే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటి ఫాంట్లను గూగుల్‌ ఫాంట్స్‌ నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, తమ అప్లికేషన్‌లో కలిపి పంచుకోవచ్చు. పేర్లకు లావుపాటి రామభద్ర, మ్యాటరుకు సన్నటి మల్లన్న... పత్రిక కుదిరింది.

అచ్చు దగ్గర ఇంకో గండం. బ్రౌజర్‌ తయారుచేసే పీడీఎఫ్‌లో రంగులు తెర లెక్కలో ఉంటాయి. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌ అచ్చుకు కావాల్సిన లెక్క వేరు. కానీ ఖాళీ కార్డుమీద మ్యాటరు పడేది ఒక్క రంగులోనే కదా. ట్రేసింగ్‌ కాగితం మీద నలుపు ఉంటే చాలు. ఆ గండం దానంతటదే గట్టెక్కింది. ప్రింటరు సెట్టింగుల్లో 'పేజీకి సరిపెట్టు' అన్నది ఉంటే కొలతలు నాలుగైదు మిల్లీమీటర్లు కుంచించుకుపోయేవి. దాన్ని తీసేయాలని గోడమీద చీటీ అంటించారు.

అక్క వేళ్లు

అన్నీ కుదిరాయనుకుంటే అక్క కుదరలేదు. వాట్సాప్‌లో వచ్చిన మ్యాటరు అతికించడం వరకూ బాగానే ఉంది. కానీ గిరాకీల్లో సగంమంది పెద్దవాళ్లు. లగ్నపత్రిక కాగితం తెచ్చి చేతిలో పెడతారు. అది కొట్టాల్సిందే. కొత్త కిటికీలో తెలుగు కొట్టాలంటే ఇన్‌స్క్రిప్ట్‌ కీబోర్డు. ఆమె వేళ్లకు తెలిసింది పాత డీటీపీ వరుస. కళ్లు మూసుకుని నిమిషంలో కొట్టే నాలుగు వరుసలకు ఇక్కడ పావుగంట పట్టింది.

ఆమె ఏమీ అనలేదు. రెండోరోజు మాత్రం, ''తమ్మీ... ఇగ నేను రాకున్నా నడుస్తది గదా?'' అంది. నవ్వుతూనే అంది. కుర్రాడికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. అతను కట్టింది తప్పులు తగ్గించడానికి. దుకాణంలో తప్పులు పట్టే ఒకే ఒక్క మనిషిని బయటికి పంపడానికి కాదు.

మర్నాడు ఆమె పక్కన కూర్చున్నాడు. ''అక్కా, ఏ మీట నొక్కితే ఏమొస్తదో చెప్పు'' అంటూ ఒక్కొక్కటే రాసుకున్నాడు. జావాస్క్రిప్ట్‌లో మీట నొక్కగానే దాన్ని పట్టుకుని, దాని బదులు మనకు కావాల్సిన అక్షరం పెట్టడం కష్టమేమీ కాదు. వత్తుల దగ్గరే తిరకాసు. ఆమె వరుసలో 'మ' వత్తు అంటే ఒక్క మీట. యూనికోడ్‌లో అది రెండు సంకేతాలు, ముందు పొల్లు, తర్వాత మ. అలాగే గుణింతాలు, వాటితో వత్తు కలిసినప్పుడు ముందూ వెనకలు సర్దడం... వారం రోజులు పట్టింది. కిటికీ తెరవడానికి ఒక సాయంత్రం, ఆ కిటికీలో ఒక మనిషి వేళ్లు ఇమడడానికి ఒక వారం!

ఎనిమిదోరోజు ఆమె ఎప్పటిలాగే కీబోర్డు వంక చూడకుండా కొట్టింది. తెరమీద యూనికోడ్‌ తెలుగు. ఒకచోట ఆగి, ''గోత్రం గడి ఎందుకు వెట్టలే? పెండ్లికొడుకు తాత పేరు ముందల 'కీర్తిశేషులు' అని ఎట్ల వేస్తరు?'' అని అడిగింది. కంప్యూటర్‌ సైన్సు పుస్తకాల్లో ఆ గళ్లు ఉండవు. ఆమె చెబుతుంటే కుర్రాడు రాసుకున్నాడు. ఆ దుకాణంలో తొలిసారి అతను విద్యార్థి, ఆమె టీచరు.

ఏటా కొత్త పంచాంగం

కుర్రాడి చదువు అయిపోయింది. వరంగల్‌లోనే మడికొండలో 2020 జనవరిలో సైయంట్‌, టెక్‌ మహీంద్రా కేంద్రాలు మొదలయ్యాక 'ఉద్యోగమంటే హైదరాబాద్‌ బస్సెక్కాల్సిందే' అన్న మాట కాస్త సడలింది కానీ, అతనికి ఉద్యోగం దొరికింది మాత్రం హైదరాబాద్‌లోనే. ఆదివారాలు ఇంటికొస్తాడు. వస్తే 'శుభలేఖ' పని ఏదో ఒకటి ఉంటుంది. ఎందుకంటే ఇలాంటి అప్లికేషన్‌ ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ఎలక్ట్రాన్‌ ఎనిమిది వారాలకో పెద్ద వెర్షన్‌ విడుదల చేస్తుంది. తాజా మూడింటికే మరమ్మతులు చేస్తుంది. పంచాంగంలా ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవాల్సిందే. 2025 అక్టోబరు 14తో విండోస్‌ 10కూ మైక్రోసాఫ్ట్‌ మామూలు సాయం ఆపేసింది. చిన్నాయన మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఈసారి కుర్రాడి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది.

కాజీపేటలో ఓ చుట్టం దుకాణానికి కూడా 'శుభలేఖ' వెళ్లింది. అక్కడ నెట్‌లోంచి దింపుకోగానే విండోస్‌ నీలం తెర చూపించి 'తెలియని ప్రచురణకర్త, జాగ్రత్త' అంది. ఆ హెచ్చరిక పోవాలంటే కంపెనీలు ఏటా వేల రూపాయలు పోసి సంతకం సర్టిఫికెట్‌ కొనుక్కోవాలి. పత్రికకు పదో పరకో మిగిలే దుకాణానికి అంత ఖర్చెక్కడిది? కుర్రాడే వెళ్లి చేత్తో పెట్టి వచ్చాడు. ఊరు చిన్నదైతే ఒక్కోసారి నమ్మకమే సర్టిఫికెట్‌.

కొత్త వెర్షన్‌ పెట్టిన ప్రతిసారీ దుకాణంలో ఒక తతంగం తప్పదు. ఇరవై ఏళ్లలో తనచేతా పక్క దుకాణాలవాళ్లచేతా తప్పించిన పేర్లన్నీ గుర్తుచేసుకుని అక్క ఒక జాబితా రాసిచ్చింది. లక్ష్మి, జ్యోత్స్న, జ్ఞానేశ్వర్‌, విశ్వేశ్వరయ్య, శ్రీకృష్ణ, స్వాతంత్య్రం, జగిత్యాల... అలా ఒక పేజీ నిండా. ముందు ఆ కాగితం అచ్చువేయాలి. ఆమె కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి ఒక్కో పేరూ చదవాలి. సాఫ్ట్‌వేర్‌ కంపెనీల్లో ఇలాంటి పనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. దుకాణంలో దాన్ని 'అక్క కాగితం' అంటారు. అది గట్టెక్కాకే పెండ్లివారి పేర్లు మొదలవుతాయి.